జీవరత్నం పులుపుకుండ

బెజవాడలో ఆ ఏడు క్రిస్మసుకి ఎవరింట్లో కేకు పొంగినా పొంగకపోయినా జీవరత్నం ఇంట్లో పొంగుతుందని పేటంతటికీ తెలుసు. ఎలా పొంగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. యుద్ధం ముగిసిందన్న మాటే గానీ బజారులో మైదా లేదు, పంచదార రేషను, ఇక కేకు పొంగడానికి వేసే సీమ పొడి డబ్బాని కళ్ళతో చూసి మూడేళ్ళయింది. ఏలూరు కాలువ గట్టున ఉన్న ఆ పేటలో ఆడవాళ్ళు చేసిన కేకులు పిడకల్లా అణిగి కూర్చుంటే, జీవరత్నం బెల్లంతో చేసిన కేకు కూడా మెత్తగా లేచి పళ్ళెం నిండేది. "ఆవిడ చేతి చలవమ్మా!" అనేవారు అమ్మలక్కలు. జీవరత్నం నవ్వి ఊరుకునేది. చేతి చలవా, పాడా! అదంతా కల్లు మహిమ.

అవును, కల్లే. తెల్లారుతూనే దింపిన ఈతకల్లు వడగట్టి, గోరువెచ్చని పాలల్లో పోసి, రెండు గుప్పిళ్ళ పిండి, ఓ బెల్లం ముక్క వేసి పొయ్యి పక్కన పెడితే, మధ్యాహ్నానికి నురగలు కక్కుతూ పైకొస్తుంది. దానితో పిండి తడిపితే రొట్టెకి రొట్టె, కేకుకి కేకు. పోయిన మొగుడు రైల్వే దొరల బంగళాలో వంటవాడు. ఆయన నేర్పిపోయిన విద్య అది. ఆ కుండని ఆమె పులుపుకుండ అనేది, లోపల ఏముందో చెప్పకుండా.

చెబితే ఇంకేమైనా ఉందా! సంఘపెద్ద జక్కయ్యగారు బడిపంతులు ఉద్యోగం విరమించుకున్నారు గానీ బెత్తం విరమించుకోలేదు. "కల్లు ముట్టం, కల్లు గడప తొక్కనివ్వం" అని పేటలో ఇంటింటివాళ్ళనీ గుళ్ళో నిలబెట్టి ప్రమాణం చేయించారు. జీవరత్నం కూడా చెయ్యెత్తి ప్రమాణం చేసింది. మర్నాడు పొద్దున్నే పులుపు కలిపింది. ఏం చేస్తుంది మరి? ప్రభువు బల్ల మీద పెట్టే రొట్టె కూడా ఆమె చేసి ఇచ్చేదే. అది పొంగకపోతే "ఇది రొట్టా, అట్టా?" అని మూతి విరిచేది కూడా ఆ జక్కయ్యగారే.

ఈ గుట్టు తెలిసిన మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. ఆమె తమ్ముడు ఏసుపాదం.

ఏసుపాదం ఒకప్పుడు తాగాడు. కాదని ఎవరన్నారు? కాలువ లాకుల దగ్గర పడవల్లోంచి బస్తాలు మోసే పని. సాయంత్రానికి ఒళ్ళు హూనం. పెళ్ళాం పురిట్లో పోయాక మరీ పట్టపగ్గాలు లేకుండా తాగాడు. ఒక ఆదివారం తూలుతూ గుళ్ళోకొచ్చి పాట మధ్యలో బోర్లా పడ్డాడు. అంతే, ప్రభువు బల్లకు దూరం చేశారు. అప్పట్నించీ రొట్టె విరిచే వేళకి అందరూ లోపల, అతనొక్కడూ బయట అరుగు మీద. ఆ అవమానంతోనే తాగుడు మానేశాడు. మానేసి రెండేళ్ళు దాటింది. ఈ క్రిస్మసు నాడు మళ్ళీ బల్లలో చేర్చుకుంటామని పాస్టరుగారు మాటిచ్చారు. ఆ మాట విన్ననాడు జీవరత్నం పొయ్యి ముందు కూర్చుని హాయిగా ఏడ్చింది. ఆ పండక్కి ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు. తమ్ముడు నలుగురితో పాటు లోపల కూర్చుని రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే చాలు.

మరి ఆ కల్లు తెచ్చిపెట్టేదెవరు? ఏసుపాదమే.

"ఆడదానివి, నువ్వు ఈతచెట్ల కిందికెళ్తే ఏం బావుంటదక్కా? నే తెస్తాలే" అన్నాడు తాగుడు మానేసిన కొత్తలోనే.

"నీకేం కాదా?"

"చెంబు చేత్తో పట్టుకుంటే తాగినట్టా? నా మీద నాకు నమ్మకం ఉంది. నీకుంటే చాలు."

"ఉందిరా" అంది జీవరత్నం. ఆ మాట అన్నప్పుడు నిజంగానే ఉంది.

ఆ ఏడు ఇంట్లో ఇంకో గోల కూడా మొదలైంది. ఎక్కణ్ణించి వచ్చిందో ఒక చారల పిల్లి, కట్టెల మూల నాలుగు కూనల్ని పెట్టింది. కళ్ళు తెరిచిన నాటి నుంచీ అవి చెయ్యని ఆగడం లేదు. జల్లించిన పిండిలో దొర్లి తెల్లగా తయారై పక్కల మీదకి ఎక్కేవి. కిస్‌మిస్‌లు ఎండబెడితే ఒక్కొక్కటీ కాలితో తన్ని గది నిండా దొర్లించేవి. వాటిలో నల్లమచ్చ కూన ఉందే, అది మరీ గండరగండడు. జీవరత్నం చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఏకంగా భుజం దాకా పాకేది. "హారి పిడుగా! నా చీర నీ అబ్బ కొన్నాడా?" అని ఆమె దాన్ని పీకి కింద పడేసి, మరుక్షణం పాల గిన్నె ముందు పెట్టేది.

పక్కింటి రామతులసి ఒకనాడు చిక్కుపడ్డ నూలు రెండు చేతులా పట్టుకుని దెబ్బలాటకొచ్చింది. వాళ్ళది మగ్గం ఉన్న ఇల్లు.

"ఏవండీ వదినగారూ, మీ పిల్లికూనలు మమ్మల్ని బతకనిస్తాయా లేదా? మా ఆయన నూలు చుట్టి పెట్టిన కండెలన్నీ వసారా పొడుగునా దొర్లించాయి. చూడండీ నూలు, ఇదెప్పుడు విడేను, పంచె ఎప్పుడు దిగేను?"

"నా పిల్లులేమిటే తులసీ? ఆ చారలది నన్నడిగి కందా?"

"పాలు పోసి మేపేది ఎవరండీ మరి?"

జీవరత్నానికి నవ్వాగలేదు. రామతులసి కూడా నవ్వేసింది. ఇద్దరూ కూర్చుని చిక్కు విడదీశారు. వెళ్తూ వెళ్తూ రామతులసి తమ మగ్గం మీద నేసిన ముతక గుడ్డ, గంజి పెట్టనిది, బారెడు చింపి ఇచ్చింది. "పండగ పిండి మీద కప్పుకోండి, మీ పాత గుడ్డ జల్లెడైపోయింది" అంది. ఆ రోజు నుంచీ పులుపుకుండకి ఆ కొత్త గుడ్డే కప్పు. గుడ్డ వేసి, దాని మీద పళ్ళెం బోర్లించి పెట్టేది.

సరిగ్గా అప్పుడే కుండ తరగడం మొదలైంది.

మొదటిరోజు మధ్యాహ్నం మూత తీస్తే చెంబెడు పైగా తక్కువుంది. తనే తక్కువ పోసిందేమో అనుకుంది. మర్నాడు పొద్దున కుండ లోపలి అంచున మసితో గీత గీసి, అక్కడిదాకా పోసింది. మధ్యాహ్నానికి గీత పైన నిలిచింది, పులుపు కిందికి పోయింది. పిల్లి తాగిందందామా, పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది. కుండ ముందు నేల మీద చుక్క లేదు. అంటే ఎవరో పళ్ళెం తీసి, కావలసినంత ముంచుకుని, మళ్ళీ బుద్ధిగా మూత పెట్టి వెళ్ళారు. ఆ ఇంట్లో చేతులున్నవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరు తను.

పొద్దుటిపూట ఏసుపాదం చద్దన్నానికి ఇంటికొస్తాడు. వంటింట్లో తనే పెట్టుకు తింటాడు. ఆ వేళకి జీవరత్నం పెరట్లో రొట్టెల బట్టీ దగ్గర ఉంటుంది. వద్దు వద్దనుకుంటూనే ఆమె ఈ లెక్కంతా వేసింది. పాలు కలిపిన కల్లు ఎవడు తాగుతాడు అని ఒక మనసు, అలవాటున్నవాడికి పాలేమిటి నీళ్ళేమిటి అని ఇంకో మనసు. అన్నం సహించలేదు. తమ్ముడు ఎదురుపడితే మొహంలోకి చూడలేక పిల్లికూనల్ని తిట్టేది.

పండగ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం జక్కయ్యగారు గొడుగు టకటకలాడించుకుంటూ వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. వసారా గుంజకి ఆనుకుని ఏసుపాదం నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా ఏసుపాదం, నువ్వు పొద్దున్నే ఈతచెట్ల దగ్గర చెంబుతో కనపడుతున్నావట. చూసినవాళ్ళు చెప్పారు. నిజమేనా?"

"నిజమేనండి."

"ఏం పనయ్యా అక్కడ నీకు?"

ఏసుపాదం అక్క వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "అది చెప్పనండి" అన్నాడు.

"చెప్పవు. చెప్పడానికేముంది గనక!" జక్కయ్యగారు జీవరత్నం వైపు తిరిగారు. "చూడమ్మాయ్, పాస్టరుగారు మెత్తని మనిషి, మాటిచ్చారు. నేనంత మెత్తనివాణ్ణి కాను. పండగ పొద్దున గుడి గుమ్మంలో పెద్దల ముందు నీ తమ్ముడు నోరు తెరిచి ఊదాలి. వాసన లేకపోతే లోపలికొస్తాడు. ఉంటే జన్మలో రాడు."

అప్పుడు చెప్పాలి. "కల్లు తెప్పించింది నేనండీ" అని ఒక్క మాట. అది జీవరత్నం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ప్రమాణం తప్పినదాన్నని పేటంతా వేలెత్తి చూపిస్తుందన్న భయం ఒకటి. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. లోపల కుండ తరుగుతోంది. వీడి తరఫున ఎగేసుకుని మాట్లాడాక, తీరా వాసనొస్తే? ఆమె నోరు మెదపలేదు. జక్కయ్యగారు గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయారు.

"నా పేరు ఎందుకు చెప్పలేదురా?" అంది తర్వాత, నీరసంగా.

"నిన్ను బయటికి లాగి నేను లోపలికెళ్ళాలా? ఊదమన్నారు, ఊదుతా. గాలేగా, పోయేదేముంది?" అని నవ్వాడు ఏసుపాదం. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

పండగ ముందురోజు పొద్దున, బల్ల మీదకి వెళ్ళే రొట్టెకోసం పులుపు కలిపి, జీవరత్నం ఎన్నడూ చెయ్యని పని చేసింది. వంటింటికి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. చద్దన్నం తట్టలో పెట్టి వసారాలోకే తెచ్చింది.

ఏసుపాదం ఆ తాళం వైపు చూశాడు. "తాళమెందుకక్కా?"

"పిల్లులొస్తున్నాయిరా. వేగలేక చస్తున్నా వాటితో."

అతనేం చిన్నపిల్లాడా? ఇంకాసేపు తాళాన్నే చూసి, "సర్లే, ఆకల్లేదు" అని కండువా దులుపుకుని పనికి వెళ్ళిపోయాడు. తట్టలో అన్నం అలాగే ఉండిపోయింది. జీవరత్నం ఆ తలుపుకి అడ్డంగా చాప వేసుకుని, కేకుల్లోకి జీడిపప్పు ఏరుతూ మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చుంది. ఎవరూ రాలేదు. తాళం తీసి, లోపలికెళ్ళి, కుండ మూత ఎత్తింది.

పులుపు గీతకి బెత్తెడు కింద ఉంది.

ఒక్క క్షణం ఆమెకేమీ అర్థం కాలేదు. ఆ తర్వాత చెయ్యి బొడ్లోకి పోయింది. వాడు కాదు! తాళంచెవి తన బొడ్లోనే ఉంది, వాడు లాకుల దగ్గరున్నాడు, వాడు కాదు! మరెవరు?

కుండ వెనకాల, గోడకీ కుండకీ మధ్య సందులోంచి "మ్యా...వ్" అని తాపీగా ఒక రాగం వినిపించింది. జీవరత్నం పొయ్యి మీదుగా వంగి చూసింది. కొత్త గుడ్డ ముందు వైపు పొట్టిగా, వెనక వైపు పొడుగ్గా నేల దాకా వేలాడుతోంది. పులుపు నురగెత్తి పైకొచ్చినప్పుడు గుడ్డ మధ్యభాగం అందులో మునిగింది. గంజి లేని ముతక నూలాయె, దీపం వత్తి నూనె పీల్చినట్టు పులుపుని పీల్చి, అంచు మీదుగా వెనక కొసకి దించుతోంది. ఆ కొస పట్టుకుని రెండు కూనలు, తల్లి దగ్గర కుడిచినట్టు కళ్ళు మూసుకుని చీకుతున్నాయి. చుక్క నేలరాలనిస్తే కదా! మూడోది గోధుమపిండి చేటలో వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ గాల్లోకి పెట్టి నిద్రపోతోంది. నల్లమచ్చది జీవరత్నాన్ని చూసి గంభీరంగా లేచి, నాలుగడుగులు నడిచి, ఎదురుగా ఉన్న గోడకి తల కొట్టుకుని, గోడదే తప్పన్నట్టు దాన్నొకసారి కోపంగా చూసి కూలబడింది. పొగ పోయే కంతలోంచి వచ్చి పోతున్నారన్నమాట దొరలు!

"ఓసి నా తల్లో! తులసీ! ఒసేయ్ తులసీ, ఇటురావే!"

రామతులసి పరుగెత్తుకొచ్చి చూసి, వాసనకి కుండలో ఏముందో కనిపెట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని కింద కూర్చుండిపోయింది. "అయ్యో రామా! మా మగ్గం గుడ్డ ఎంత పని చేసిందండీ! ఇవి పిల్లులు కాదు వదినగారూ, తాగి ఊరేగుతున్న దొరలు!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని పైకి చూస్తే, జీవరత్నం ఏడుస్తోంది.

"పిల్లులని అబద్ధం చెప్పానే వాడికి. వాడు దొంగని తాళం వేశాను. వాడు చూశాడు."

రొట్టె ఆ మిగిలిన పులుపుతోనే చేసింది. సాయంత్రం ఏసుపాదం వచ్చేసరికి రొట్టె బట్టీలోంచి తీసి బుట్టలో పెడుతోంది. నిద్రమత్తు వదలని నల్లమచ్చ కూనని తెచ్చి అతని ఒళ్ళో పడేసి, అంతా చెప్పింది. చెప్పి, "నిన్ను అనుమానించాను. నా మొహాన ఉమ్మెయ్యరా" అంది.

ఏసుపాదం కూన గడ్డం నిమిరాడు. "తాగినవాడి మీద అనుమానం రాదా అక్కా? రాకపోతేనే వింత. పోనీలే. రేపు ఊదేస్తే అన్నీ తీరిపోతాయి."

"ఊదవు" అంది జీవరత్నం.

"ఊదకపోతే రానివ్వరుగా!"

"ఊదవని చెప్పానా? రెండేళ్ళు నోరు కట్టుకుని బతికావు. వాళ్ళ ముక్కుల ముందు నోరు తెరిచి నిలబడ్డానికా? నేను బతికుండగా ఊదవు."

పండగ పొద్దున గుడి అంతా కాగితపు పూల తోరణాలు. కొత్త బట్టల గంజి వాసన. గుమ్మంలో జక్కయ్యగారు, అటూ ఇటూ మరో ఇద్దరు పెద్దలు. జనమంతా పక్కలకి తప్పుకుని చోద్యం చూస్తున్నారు.

"రావయ్యా. ఊదు" అన్నారు జక్కయ్యగారు, ముక్కు ముందుకి పెట్టి.

ఏసుపాదం నోరు తెరవబోయాడు. జీవరత్నం అరచేత్తో అతని నోరు మూసేసింది.

"ఊదడండీ."

"అయితే లోపలికి రావడానికి వీల్లేదు."

"రాంలెండి. అరుగు ఉందిగా" అని, తమ్ముడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, అరుగు మీద పక్కన కూర్చుంది. ఒళ్ళో రొట్టెబుట్ట. గుళ్ళో పాటలు మొదలయ్యాయి. వాక్యం చదివారు. పాస్టరుగారు పశువుల తొట్టి గురించీ, సత్రంలో చోటివ్వనివాళ్ళ గురించీ ప్రసంగించారు. జీవరత్నం బయట నుంచి అంతా వింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకి.

ప్రభువు బల్ల వేళయింది. తెల్లగుడ్డ తీస్తే పళ్ళెం ఖాళీగా ఉంది. లోపల గుసగుసలు. జక్కయ్యగారు విసవిసా బయటికొచ్చారు.

"రొట్టె ఇవ్వమ్మాయ్."

"ఇవ్వను."

"ఏమిటీ?"

"మా వాడు ఊదకుండా లోపలికొస్తే రొట్టె వస్తుంది. లేకపోతే రొట్టె, వాడు, నేను ఇక్కడే ఉంటాం."

"ప్రభువు రొట్టె అడ్డం పెట్టుకుని బేరమా? కళ్ళు నెత్తికెక్కాయా నీకు?"

"ఎక్కాయండి!"

ఆ కేకకి జనమంతా కిటికీల దగ్గర మూగారు. ముసలి పాస్టరుగారు స్వయంగా గుమ్మంలోకి వచ్చారు. "ఏం జరిగింది జీవరత్నం?" అన్నారు మెల్లగా. ఆమె లేచి నిలబడింది. భయం లేదని కాదు. గొంతు మాత్రం తగ్గించలేదు.

"అయ్యగారూ, కల్లు తెచ్చింది మా తమ్ముడే. తెప్పించింది నేను. ఈ రొట్టెలోకి. మూడేళ్ళనించీ ఈ బల్ల మీద మీరు విరిచిన ప్రతి రొట్టే కల్లుతో పొంగింది. పండక్కి అందరూ లొట్టలేసుకు తిన్న కేకు కూడా అంతే. పోయినేడు జక్కయ్యగారు రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు."

కిటికీలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. జక్కయ్యగారి మొహంలో రంగులు మారాయి. "ప్రమాణం చేసి... గుళ్ళో నిలబడి ప్రమాణం చేసి తప్పావు!"

"తప్పాను. నన్ను తీసెయ్యండి, ఎన్నేళ్ళయినా ఈ అరుగు మీదే కూర్చుంటాను. కానీ ఒకటి చెప్పండి. ఈ సంఘం మొత్తంలో రెండేళ్ళుగా ఈ బల్ల మీది కల్లు రొట్టె నోట పెట్టనివాడు ఎవరు? వీడొక్కడు! ఎందుకంటే మీరే పెట్టనివ్వలేదు! రోజూ పొద్దున చెంబు నిండా కల్లు మోసుకొచ్చి, చుక్క ముట్టకుండా నా చేతిలో పెట్టాడు. మా ఇంట్లో కుండ తరిగితే వీడే తాగాడనుకున్నాను. నేను, వీణ్ణి ఎత్తుకు పెంచినదాన్ని! తాగింది పిల్లికూనలు. అవి తూలుతూ నా కంటపడితే గానీ నేను నా తోడబుట్టినవాణ్ణి నమ్మలేదు. ఆ సిగ్గు నాకు చాలు. మీరైనా ఊదించకుండా నమ్మండయ్యా! మనిషి మాటకి ఆమాత్రం విలువ లేదా?"

ఏసుపాదం తల వంచుకుని అరుగు అంచు గట్టిగా పట్టుకున్నాడు. పాస్టరుగారు ఆ వంగిన తలనే చూశారు.

"ప్రమాణం సంగతి పండగ వెళ్ళాక మాట్లాడదాం, జీవరత్నం. అది చిన్న తప్పు కాదు" అన్నారు. "నాకు ఏ వాసనా చూడనక్కర్లేదు. ఏసుపాదం, రొట్టె తీసుకుని లోపలికి రా నాయనా."

అతను లేవలేకపోయాడు. జీవరత్నం రెక్క పట్టుకుని లేపి, బుట్ట చేతికిచ్చి, వీపు మీద ఒక్క చరుపు చరిచి, తనూ వెనకాలే వచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చుంది. అతను మగవాళ్ళ వరసల మధ్య నుంచి నడిచి వెళ్ళి బల్ల మీద రొట్టె పెట్టి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. ముందు వరసలో ఎవరో జరిగి చాప మీద చోటిచ్చారు. పాస్టరుగారు రొట్టె విరిచి మొదటి ముక్క అతని చేతిలోనే పెట్టారు. నోట్లో పెట్టుకున్నాడు గానీ, ఏడుపొచ్చి ఎంతకీ మింగలేకపోయాడు.

పళ్ళెం చేతులు మారుతూ జక్కయ్యగారి దగ్గరికొచ్చి ఆగింది. గుడి గుడంతా ఆయన వైపే చూస్తోంది. ఆయన రొట్టెని చూశారు. పక్కన కూర్చుని పైకండువాతో కళ్ళు తుడుచుకుంటున్న ఏసుపాదాన్ని చూశారు. చివరికి రెండు వేళ్ళతో, కనీకనపడనంత నలుసు తుంచుకున్నారు.

ఆడవాళ్ళ వైపు నుంచి జీవరత్నం గొంతు ఖణీమని వినిపించింది.

"ఇంకాస్త పెద్ద ముక్క తీసుకోండి జక్కయ్యగారూ. మా తమ్ముడు తిన్నంత."

ఆయన తీసుకున్నారు.